నర్సరీకి 'మంకెన' అని పేరు మార్చాలి: ముందు ఆ పువ్వు సంగతి తేల్చండి

కుండీలకడప (కడప)
అందరికీ నమస్కారం. మాది చిన్న నర్సరీ. ఇప్పుడున్నది దేవుడి పేరు. అదే పేరుతో ఊళ్ళో ఇంకో మూడు ఉన్నాయి, ఫోన్ చేసేవాళ్ళు మాకు చేయబోయి వాళ్ళకు చేస్తున్నారు. పాత నిఘంటువు తిరగేస్తుంటే 'మంకెన' దగ్గర చూపు ఆగింది. కోపమొస్తే కళ్ళు మంకెన పూలయ్యాయంటారు కదా, ఆ మంకెన. మాట అందరికీ తెలుసు, పువ్వు మాత్రం ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చూపిస్తున్నారు. అసలు మంకెన ఏది? మన ఎండల్లో పెరుగుతుందా? పేరు మార్చాలంటే కాగితాల పని ఎంతుంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిఘంటుపురుగు (ప్రొద్దుటూరు)
మంచి మాట పట్టుకున్నారు. మంకెనకు సంస్కృతంలో బంధూకం. అమరకోశంలో బంధూకం, బంధుజీవకం, రక్తకం అని మూడూ ఒకచోటే ఉంటాయి. లలితా సహస్రనామంలో 'బంధూక కుసుమప్రఖ్యా' అని వస్తుంది చూడండి, అది ఈ పువ్వు రంగే. ఇళ్ళలో రోజూ చదువుతారు. ఆ కుసుమం ఏదని అడిగితే పక్కన మందారం చూపిస్తారు.

మీరు కడపలోనే ఉన్నారు కాబట్టి ఒక సలహా. సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. పోయి 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, దాని పక్కన శబ్దరత్నాకరం పెట్టుకుని 'మంకెన', 'బంధూకము' రెండూ చూడండి. బోర్డు రాయించే ముందు ఒక పూట ఖర్చు పెడితే తర్వాత ఎవరైనా అడిగినప్పుడు నీళ్ళు నమలక్కర్లేదు.

పెన్నఒడ్డు (జమ్మలమడుగు)
ఇంత దూరం ఎందుకప్పా? మంకెన అంటే మందారమే. ఎర్రగా ఉంటుంది, అయిదు రేకులుంటాయి. ఇంకేం కావాలి?

మొక్కలమాస్టారు (అనంతపురం)
పెన్నఒడ్డు గారూ, అక్కడే అందరూ పొరబడేది. మంకెన శాస్త్రీయ నామం పెంటాపెటిస్ ఫీనీషియా. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. ఇంతకుముందు స్టెర్క్యూలియేసీ కుటుంబంలో ఉండేది, ఇప్పుడు మందారం, పత్తి, బెండ ఉన్న మాల్వేసీలో కలిపారు. కాబట్టి మందారానికి చుట్టమే, మందారం మాత్రం కాదు.

తేడా చేత్తో పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. మందారం మధ్యలో ఒకే దండం పొడుచుకు వస్తుంది, పుప్పొడి ఆ దండం చుట్టూ అంటుకుని ఉంటుంది. మంకెనలో ఆ దండం ఉండదు. పుప్పొడి ఉన్న కేసరాలు 15, మూడేసి చొప్పున అయిదు గుంపులు. గుంపుకూ గుంపుకూ మధ్య పుప్పొడి లేని ఎర్రటి కేసరం ఒకటి, సన్నటి నాడాలాగా, దాదాపు రేకంత పొడుగు. అట్లాంటివి అయిదు. ఆ అయిదు నాడాలు కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంకో గుర్తు, వేళ. ఇది మధ్యాహ్నం విచ్చుకుంటుంది, రాత్రంతా ఉండి తెల్లవారుజామున ముడుచుకుంటుంది. అందుకే హిందీలో దుపహరియా అంటారు. చైనా వాళ్ళ పేరుకు కూడా మధ్యాహ్నపు పువ్వనే అర్థం. రాలేటప్పుడు రేకు రేకుగా రాలదు, పువ్వు పువ్వంతా ఊడి పడుతుంది.

మొక్క ఏడాది బతికేదే. అడుగున్నర నుంచి మూడడుగుల ఎత్తు. ఆకు సన్నగా పొడుగ్గా, అంచు రంపపు పళ్ళలాగా. ఆకు మొదట్లో ఒకటో రెండో పూలు, తలకిందులుగా వేలాడకుండా పక్కకు చూస్తుంటాయి.

నూరు వరహాలతో కూడా తికమక ఉంది, అది ఊరికే వచ్చింది కాదు. కొన్ని వైద్య గ్రంథాల వాడుకలో నూరు వరహాలను కూడా బంధూకం అన్నారు. అది పొద చెట్టు, పూలు గుత్తులు, ఒక్కో పువ్వుకు నాలుగే రేకులు. లెక్కపెడితే చాలు.

పెన్నఒడ్డు (జమ్మలమడుగు)
సరే సామీ, ఓడిపోయినా. మరి పొద్దున పూట వచ్చే గిరాకీకి మొగ్గలు చూపించి మంకెన నర్సరీ అంటారా?

తొలకరి (గుత్తి)
మొగ్గలే చూపిస్తారు. ఫోటో తీయాలంటే ఒంటిగంట తర్వాత తీయాలి. అది తప్పేం కాదు, పొద్దున వచ్చినవాళ్ళు సాయంత్రం మళ్ళీ వస్తే రెండు మొక్కలు ఎక్కువ అమ్ముడవుతాయి.

పెంపకం సంగతి. విత్తనం నుంచే చేయాలి. పై పొర గట్టిది కాబట్టి గోరువెచ్చని నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టండి. తేలినవి పారేయండి. 98 గుంతల ప్రో ట్రే (నారు పెంచే ప్లాస్టిక్ పళ్ళెం) అయితే ట్రేకు కిలోంబావు కొబ్బరి పొట్టు సరిపోతుంది. గుంతకు రెండేసి గింజలు, అర సెంటీమీటరు లోతు, అంతకు మించొద్దు. ట్రే మీద షేడ్ నెట్ 50 శాతంది కట్టండి. వారం పది రోజుల్లో మొలుస్తాయి. రెండు మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కోయండి, పీకితే రెండోదాని వేరు కదులుతుంది.

నాలుగాకులు వచ్చాక, అంటే 25 నుంచి 30 రోజులకు, మార్చుకోవచ్చు. కుండీ 12 అంగుళాలది ఉండాలి. మట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక పాలు. నేలలో అయితే మొక్కకూ మొక్కకూ అడుగు నుంచి అడుగున్నర. అరడుగు ఎత్తు రాగానే చివర గిల్లండి. గిల్లకపోతే కర్రలాగా ఒకటే పోతుంది, మూడడుగులు పోయి గాలికి విరుగుతుంది. గిల్లితే నాలుగైదు కొమ్మలు, పూలు కూడా దానికి తగ్గట్టు.

చెడిపోయేది ఎక్కువ ట్రేలోనే. పొట్టు ఎప్పుడూ చిత్తడిగా ఉంటే నారుకుళ్ళు పడుతుంది, నేల దగ్గర కాడ మెత్తబడి వాలిపోతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడిసేట్టు పోయండి, పొద్దున ఒక్కసారే నీళ్ళు పెట్టండి. పత్తి కుటుంబం కాబట్టి పిండినల్లి కూడా దీన్ని వదలదు. కనపడగానే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కలవడానికి రొంత సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

కుండీలకడప (కడప)
మాస్టారూ, తొలకరన్నా, చాలా సాయం చేశారు. రెండు అనుమానాలు. మా బోరు నీళ్ళు ఉప్పన, బక్కెట్లో తెల్లగా పేరుకుంటుంది. ఇది తట్టుకుంటుందా? రెండోది, ఏడాది మొక్క అంటున్నారు, ఏ నెల విత్తాలి, ఎప్పటిదాకా పూస్తుంది?

తొలకరి (గుత్తి)
నీళ్ళ విషయం ముఖ్యం. ఇది స్వభావంగా తడి నేల మొక్క, వరిమడి గట్టు లాంటి చోట హాయిగా ఉంటుంది. అనంతపురం, కడప బోర్ల నీళ్ళతో పెంచితే కొత్తాకు పచ్చగా కాకుండా పసుపుగా వస్తుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఇనుము అందకపోవడం. నేలలో ఇనుము లేక కాదు, సున్నం వల్ల వేరు తీసుకోలేకపోవడం. అందుకే మట్టిలో వేస్తే పెద్దగా పని చేయదు, ఆకు మీద కొట్టాలి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము. ముందు నిమ్మ ఉప్పు కరిగించి ఆ తర్వాతే అన్నభేది వేయండి. తిరగేసి వేస్తే నీళ్ళు తుప్పు రంగుకు తిరుగుతాయి, ఇక అది పని చేయదు. వారం తేడాతో రెండు మూడు సార్లు. వాననీళ్ళు పట్టే డ్రమ్ము ఉంటే ట్రేలకు మాత్రం ఆ నీళ్ళే వాడండి.

కుండీ కింద పళ్ళెం పెట్టి అంగుళం నీళ్ళు ఉంచితే మొక్కకు ఇష్టం. దోమకూ ఇష్టమే. మూడు రోజులకోసారి వంపేయండి.

నెలల సంగతి: జూన్ రెండో పక్షంలో మొదటి విడత, 20 రోజులు ఆగి రెండోది, ఇంకో 20 రోజులకు మూడోది. మొదటి విడత సెప్టెంబరులో పూస్తుంది. మూడు విడతలూ కలిపి నవంబరు దాటేదాకా పూలుంటాయి. చలి ముదిరేసరికి కాయలు ఎండి మొక్క పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో విత్తే ప్రయత్నం చేయొద్దు. మన 43 డిగ్రీల్లో ట్రే పొట్టు మధ్యాహ్నానికి పెళుసెక్కిపోతుంది.

గట్టుమీద (కర్నూలు)
మీరంతా ఒక్క మాట గమనించట్లేదు. జనవరి నుంచి ఆగస్టు దాకా బోర్డు మీదున్న పువ్వు నర్సరీలో ఉండదు. పేరు విని వచ్చినవాడు 'మంకెన మొక్క ఇవ్వండి' అంటే ఎనిమిది నెలలు లేదనే చెప్పాలి. దానికన్నా కొండగోగు అని పెట్టుకోండి. నల్లమలలో, శేషాచలంలో మనదైన చెట్టు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఒక్క ఆకు లేకుండా మోడు మీద అరచేతంత పసుపు పూలు పూస్తుంది. బండల మధ్య బతికే చెట్టు, మన నేలకు తగిన పేరు.

మొక్కలమాస్టారు (అనంతపురం)
చెట్టు గొప్పదే, కాదనను. అయితే కొండగోగు నాటిన కొన్నేళ్ళకు గానీ పూయదు, కుండీలో ఆ పొగరు రాదు. పైగా 'గోగు' అన్న మాట చెవిన పడగానే గోంగూర కట్ట ఎంత అని అడుగుతారు.

నాభి అని ఎవరైనా అనకముందే చెప్తున్నా, వద్దు. అడవినాభి పువ్వు అందంగా మంటలాగా ఉంటుంది. దుంపలో కొల్చిసిన్ ఉంటుంది, తింటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు తిరిగే చోట ఆ పేరు పెట్టి ఆ మొక్క ఎదురుగా పెట్టడం తెలివైన పని కాదు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, మీ బోర్డు చూసి హైదరాబాదు బ్రాంచి అనుకుంటారు. మన రాష్ట్రానిది మల్లె, అది ఇప్పటికే వీధికొకరు పెట్టుకున్నారు.

నిఘంటుపురుగు (ప్రొద్దుటూరు)
గట్టుమీద గారి అభ్యంతరంలో బలం ఉంది గానీ, పేరు వేరు, సరుకు వేరు. కాలం కాని కాలంలో ఎండిన కాయల గుత్తి ఒక సీసాలో పెట్టి కౌంటరు మీద ఉంచితే చాలు. ఇదే మంకెన, జూన్‌లో రండి, విత్తనం ఇస్తాం అని చెప్పొచ్చు. ఎప్పుడూ దొరికే పువ్వయితే ఎవరూ రెండోసారి అడగరు.

పెన్నఒడ్డు (జమ్మలమడుగు)
నాకు భయం వేరే. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పిల్లలు 'మంకీనా' అని చదువుతారు. మంకీ నర్సరీ అయిపోతుంది. తెలుగులో రాస్తే మంకుపట్టు గుర్తొస్తుంది. ఏం చేసినా మంకే.

రంగులడబ్బా (కర్నూలు)
నవ్వులాట పక్కన పెడితే అక్షరాల దగ్గర నిజంగా జాగ్రత్త కావాలి. 'మంకెన' బోర్డుకు చక్కటి మాట. మూడక్షరాలు, వత్తులు లేవు, దూరం నుంచి ఇట్టే చదవొచ్చు. చెడేదల్లా 'కె' దగ్గర. రాసేవాడు అలవాటు మీద ఏత్వం పెడితే 'మంకేన' అవుతుంది. కంప్యూటర్ డిజైన్‌లో కూడా ఇదే తప్పు. నమూనా కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ ఒక్క అక్షరం పెద్దది చేసి చూపించమనండి. కొన్ని పాత ఫాంట్లలో సున్న చిన్నదిగా, గాల్లో తేలినట్టు ఉంటుంది, అప్పుడు 'మకెన' అని చదువుతారు. సున్న 'మ'తో సమానమైన ఒడ్డూ పొడుగూ ఉన్న ఫాంటు తీసుకోండి.

సైజు లెక్క: చదివేవాడు నిలబడి ఉంటే పది అడుగుల దూరానికి అక్షరం అంగుళం ఎత్తు. రోడ్డు 40 అడుగులైతే 4 అంగుళాలు. బండి మీద పోయేవాడికి దానికి రెట్టింపు, 8 అంగుళాలు పెట్టుకోండి. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు రేకు బోర్డు చాలు. కింద 'నర్సరీ' అని సగం సైజులో.

రంగు. మంకెన అనగానే ఎర్ర అక్షరాలు రాయించాలని ఉంటుంది. వద్దు. ఫ్లెక్సీ మీద ముద్రించే ఎరుపు మన ఎండకు అన్నిటికన్నా ముందు వెలుస్తుంది, రెండు వేసవులకు గులాబీ రంగుకు వస్తుంది. ముదురు ఆకుపచ్చ నేల, తెల్ల అక్షరాలు, పక్కన ఒకే ఒక్క ఎర్ర పువ్వు. ఆ పువ్వు మాత్రం ఎనామిల్‌తో చేత్తో వేయించండి, రెండేళ్ళకోసారి దాని మీదే మళ్ళీ కోటింగ్ వేయొచ్చు. రేకుకు ప్రైమర్ లేకుండా వేస్తే మొదటి వానాకాలానికే పెచ్చులూడుతుంది. వేసేవాడికి మాస్టారు చెప్పిన అయిదు నాడాల ఫోటో ఇవ్వండి, లేకపోతే మందారం వేసి పోతాడు.

ఇంకోటి, బోర్డు మీద తెలుగు తప్పనిసరి, అదే పైన ఉండాలి. ఇంగ్లీషు కింద వేసుకోండి.

జమాఖర్చు (కడప)
కాగితాల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.

సొంత వ్యాపారం, అంటే మీ పాన్ మీదే నడుస్తుంటే, పేరు మారినా పాన్ మారదు. జీఎస్టీ ఉంటే పోర్టల్‌లో కోర్ ఫీల్డ్ సవరణ, అంటే ముఖ్య వివరాల మార్పు, చేయాలి, ఫారం రెగ్-14. మార్పు జరిగిన 15 రోజుల్లోపు పెట్టాలి. పాత పేరుతో బిల్లులు కొట్టి కొత్త పేరు బోర్డు పెడితే తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు అదో తలనొప్పి. కేవలం మొక్కలే అమ్మేవాళ్ళకు అసలు జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు, మొక్కలకు పన్ను లేదు. కుండీలు, మందులు, పనిముట్లు కూడా అమ్ముతుంటే లెక్క మారుతుంది.

ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల నమోదు) పేరు ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు, ఫీజు లేదు. దుకాణాల రిజిస్ట్రేషన్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, ఉద్యానశాఖ దగ్గర 2010 నర్సరీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటే అదీ మార్పించండి. పండ్ల మొక్కలు అమ్ముతుంటే ఈ చివరిది మర్చిపోవద్దు, రైతుకిచ్చే బిల్లు మీద రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరే ఉండాలి.

బ్యాంకులో కరెంటు ఖాతా పేరు మారేదాకా క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాత పేరే వస్తుంది. జనం 'ఇది ఎవరిది?' అని ఆగిపోతారు. బ్యాంకు ముందు, బోర్డు తర్వాత.

గూగుల్ మ్యాప్స్‌లో కొత్త దుకాణం పెట్టొద్దు. ఉన్నదాంట్లోనే పేరు సవరించండి, అప్పుడు పాత రివ్యూలు నిలుస్తాయి. పేరు గడిలో 'పాత పేరు ఫలానా' అని ఇరికించొద్దు, అది వాళ్ళ నియమాలకు విరుద్ధం, ఆపేసే ప్రమాదముంది. వివరణ గడిలో రాసుకోండి.

ట్రేడ్‌మార్క్ కావాలంటే మొక్కలకు 31వ తరగతి, తోటపని సేవలకు 44. వ్యక్తిగా గానీ చిన్న పరిశ్రమగా గానీ ఆన్‌లైన్‌లో పెడితే తరగతికి 4,500 రూపాయలు. దాఖలు చేసేముందు ఐపీ ఇండియా సైట్‌లో ఉచితంగా వెతకండి, స్పెల్లింగ్ ప్రకారం ఒకసారి, ఉచ్చారణ ప్రకారం ఒకసారి. ఇక్కడ ఒక చిక్కుంది. మీరు మంకెన మొక్కలే అమ్ముతూ మంకెన అనే మాటను మొక్కలకు నమోదు చేయమంటే, సరుకును వర్ణించే మాట అని 9వ సెక్షన్ కింద అభ్యంతరం రావచ్చు. ఒట్టి మాటగా కాకుండా బొమ్మతో కలిపి లోగోగా పెడితే దారి కొంచెం తేలికవుతుంది. ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి పరీక్ష నివేదిక అందాక 30 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే వదిలేసినట్టు లెక్క. నమోదైతే పదేళ్ళు. అయినా సరే, పక్క నర్సరీవాడు 'మంకెన మొక్కలు దొరుకును' అని రాసుకుంటే ఆపలేరు.

గట్టుమీద (కర్నూలు)
ఇంత ఖర్చు పెట్టి ట్రేడ్‌మార్క్ ఎందుకు? ఒక చిన్న నర్సరీకి అది దండగ.

జమాఖర్చు (కడప)
ఇప్పుడే కావాలని నేనూ అనట్లేదు. వెతకడం మాత్రం తప్పనిసరి. ఇంకొకరు అప్పటికే ఆ పేరు నమోదు చేసుకుని ఉంటే బోర్డు ఖర్చు మట్టిలో కలుస్తుంది. వెతకడానికి పైసా పడదు.

కుండీలకడప (కడప)
సరే, మంకెనే ఖాయం. వరస ఇట్లా అనుకుంటున్నా: ఈ వారం నిఘంటువు, ట్రేడ్‌మార్క్ వెతుకులాట. ఆ తర్వాత బ్యాంకు, జీఎస్టీ. జూన్‌లో విత్తనం. బోర్డు మాత్రం సెప్టెంబరులో, మొదటి పువ్వు విచ్చాక. చేత్తో వేసేవాడికి ఫోటో బదులు అసలు పువ్వే చూపిస్తా, మధ్యాహ్నం రమ్మంటా.

తొలకరన్నా, చివరి ప్రశ్న. మొదటి ఏడాది విత్తనం ఎట్లనో సంపాదిస్తా. తర్వాతి ఏడాదికి మా మొక్కల నుంచే తీయాలంటే?

తొలకరి (గుత్తి)
అది తేలిక, అయితే ఒక రోజు ఆలస్యమైనా పోతుంది. కాయ గుండ్రంగా, శనగ గింజ కన్నా రొంత పెద్దది, ఒళ్ళంతా ముళ్ళ వెంట్రుకలు. పచ్చిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటాయి, ఎండేకొద్దీ వేళ్ళకు గుచ్చుకుంటాయి. కాయలో అయిదు గదులు, గదికి 8 నుంచి 12 గింజలు, రెండు వరసల్లో. కాయ గోధుమ రంగుకు వచ్చి కొనన సన్నటి పగులు కనపడగానే తెంపండి. అయిదు ముక్కలుగా విచ్చుకున్నాక చూస్తే గింజలు కుండీ మట్టిలో ఉంటాయి, ఏరుకోలేరు.

అన్ని కాయలూ ఒకేసారి పండవు. కింద కొమ్మలవి ముందు, పైవి తర్వాత. రోజూ చూడండి. బాగా పూసిన నాలుగు మొక్కలకు దారం కట్టి గుర్తు పెట్టుకుని విత్తనం వాటి నుంచే తీయండి, వాటి పూలు అమ్మొద్దు, కోయొద్దు. తెంపిన కాయల్ని కాగితం మీద నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, గోనె గుడ్డ మీద వేసి చేతికి తొడుగు వేసుకుని నలపండి. గింజల్ని కాగితం కవర్లో పోయండి, ప్లాస్టిక్‌లో వద్దు, చెమ్మ పడుతుంది. కవరు మీద తేదీ రాయండి.

ఒక పిడికెడు నాకు పంపండి, గుత్తిలో కూడా వేస్తా.